జపానువారి చాకొలేటు ఋణము

ఫిబ్రవరి నెల 14వ తేదీన జపానుదేశమందు స్త్రీలు పురుషులకు చాకొలేటు నిచ్చెదరు. ఆనాడు పురుషులు స్త్రీలకేమియు నీయరు. సరిగా నెల తిరిగిన పిమ్మట, మార్చి 14వ తేదీన, పుచ్చుకొన్న పురుషులు ఇచ్చిన స్త్రీలకు మిఠాయిగాని మరియొక వస్తువుగాని తిరిగి యీయవలెను. పడమటి దేశములందు వేలెంటైను దినమున ప్రేమించినవారు ఒకరికొకరు పువ్వులును ఉత్తరములును పంపుకొనుచుండగా, జపానువారు దానిని రెండుగా చీల్చి మొదటి దినమును స్త్రీలకును రెండవదానిని పురుషులకును పంచిపెట్టిరి. ఇరుగుపొరుగున నున్న దక్షిణ కొరియావారును ఈ పద్ధతినే అవలంబించిరి.

ఇంతకంటె వింత మరియొకటి కలదు. ఆ చాకొలేటు ప్రేమించినవానికి మాత్రమే ఇచ్చునది కాదు. ఆఫీసులో పైయధికారికి, ప్రక్క బల్లయొద్ద కూర్చుండువానికి, ఎన్నడును పలుకరింపని గుమాస్తాకు సయితము స్త్రీలు చాకొలేట్లు పంచు వాడుక దేశమంతట వ్యాపించెను. గతవత్సరము తొమ్మిదవ తరగతిలో ఆసియాఖండమును గూర్చి పాఠము చెప్పుచు ప్రసంగవశమున ఈ సంగతి చెప్పితిమి. వెనుక వరుసలోని యొక విద్యార్థిని లేచి, "తప్పక యీయవలసినదానిని బహుమానమని యెట్లు పిలువవచ్చును, మాస్టరుగారూ?" అని యడిగెను. గంట మ్రోగినందున ఆ దినమునకు తప్పించుకొంటిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మేము బాకీపడిన జవాబు.

మొదట ఆ దినము జపానునకు ఎట్లు వచ్చెనో చెప్పుదుము. వేలెంటైను అను హతసాక్షి మూడవ శతాబ్దమున రోమునగరమందు విశ్వాసము నిమిత్తము ప్రాణము విడిచెనని సంఘ సంప్రదాయము. ఆయనను గూర్చి నిశ్చయముగా తెలిసినది మిక్కిలి స్వల్పము గనుక కథోలిక సంఘమువారు 1969లో తమ సార్వత్రికమైన పండుగల పట్టికనుండి ఆయన పేరును తీసివేసిరి. జపానులో క్రైస్తవులు నూటికి ఒకరు చొప్పుననే యుందురు. అట్టి దేశమున ఈ పరిశుద్ధుని దినము ఇంటింటికి తెలిసినదగుట మిషనరీల పనివలన జరుగలేదు, మిఠాయి వర్తకులవలన జరిగినది.

1936 ఫిబ్రవరిలో కోబె రేవుపట్టణమందలి మొరొజొఫ్ అను మిఠాయి కంపెనీవారు, అచ్చటి విదేశీయులు చదువు ఇంగ్లీషు పత్రికలో, వేలెంటైను దినమునకు చాకొలేట్లు కొనుడని ప్రకటన వేయించిరి. రష్యా విప్లవానంతరము స్వదేశము విడిచి వచ్చిన మొరొజొఫ్ కుటుంబపు పేరే ఆ కంపెనీ పేరు. ఆ యింటి కుమారుని పేరును వేలెంటైనే యగుట కాకతాళీయము. ఆ ప్రకటనను జపానువారు చూడనే లేదు. పిమ్మట యుద్ధము వచ్చెను. చక్కెరయే దొరకని దినములు వచ్చెను.

మరల 1958లో మేరీ చాకొలేటు కంపెనీవారు టోకియోనగరపు షింజుకు పేటలో ఇసెతాన్ అను గొప్ప అంగడియందు బల్ల పరచి ఈ దినమును ప్రకటించిరి. మూడు దినములలో వారమ్మిన సరకు మొత్తము 170 యెన్‌లు. మన ఊరి సంతలో బఠాణీలమ్మువాడును ఇంతకంటె సంతోషముగా ఇంటికి పోవును! అయినను వారు విడువక మరుసటి సంవత్సరము గుండె ఆకారముగల చాకొలేట్లు చేసి పెట్టిరి. క్రమముగా ఇతర కంపెనీలును వచ్చి చేరెను. 1970ల నాటికి ఆ దినము బాగుగా వేరూనెను.

స్త్రీలే యెందుకు ఈయవలెనను ప్రశ్నకు, గొప్ప అంగళ్లకు వచ్చి కొనువారిలో స్త్రీలే యధికులు గనుక వర్తకులు వారిని ఉద్దేశించిరని యొక సమాధానము. మరియొకటియు కలదు, మాకు అది ముఖ్యమని తోచుచున్నది. పెద్దలు కుదిర్చిన సంబంధమునకు తలవంచుటయే మర్యాదయని పెరిగిన కన్యలు తమంతట తాము మనసు విప్పుటకు వారి సంఘములో త్రోవ లేకుండెను. సంవత్సరమున కొక్క దినము, ఒక్క చాకొలేటు అడ్డుపెట్టుకొని, ఆ మాట చెప్పవచ్చునని వర్తకుడు చెప్పినప్పుడు, ఆ వర్తకుడు లాభమునకే చెప్పినను, విన్నవారికి అది ఒక కిటికీవలె కనబడియుండవలెను. నిజమైన ప్రేమతో నిచ్చు ఆ చాకొలేటును వారు హొన్‌మెయి యందురు. అది చాలవరకు చేతితో చేసినదై యుండును; లేదా ఖరీదైనదై యుండును.

కాని ఆ కిటికీ చాలకాలము కిటికీగా నిలువలేదు. దానిని గిరి మూసివేసెను.

గిరి యనగా మన భాషలో కొండ. జపాను భాషలో గిరి యనగా లోకమర్యాదనుబట్టి తీర్చవలసిన ఋణము. మోయుటయందు రెండును సమానమే. జపానును కన్నులార చూడకయే ఆ దేశమును గూర్చి గొప్ప గ్రంథము వ్రాసిన అమెరికా విదుషీమణి రూత్ బెనెడిక్ట్ 1946లో ప్రచురించిన ఆ పుస్తకమున ఈ ఒక్క మాటను విప్పిచెప్పుటకు ప్రత్యేకముగా అధ్యాయములే వ్రాసెను. ప్రేమలేక మర్యాదకొరకు ఇచ్చు చాకొలేటును జపానువారు గిరి చొకో అని దాచక పిలిచెదరు. ఇచ్చువారికి తెలియును, పుచ్చుకొనువారికి తెలియును, అంగడివానికి తెలియును.

ఈ గిరి నిన్న మొన్నటిది కాదు. వేసవి నడుమ చుగెన్ అనియు, సంవత్సరాంతమున సెయిబొ అనియు, తమకు మేలు చేసినవారికి, పైవారికి కానుకలు పంపుట జపానువారి వాడుక. ఊరికి పోయి వచ్చినవాడు తోడి ఉద్యోగులకు ఆ ఊరి మిఠాయి పెట్టె తెచ్చును. కానుకను మోసికొనిపోవుటకు చతురమైన గుడ్డ కలదు. కట్టుటకు కాగితపు పురితో చేసిన రంగుల త్రాళ్లు కలవు. ఆ త్రాటి ముడియందు సయితము అర్థమున్నది. శిశువు పుట్టుటవంటి, మరల మరల రావలసిన శుభమునకు సులభముగా విప్పవచ్చు ముడి వేయుదురు. వివాహమునకును మరణమునకును, ఒక్కసారితో చాలించవలసినవి గనుక, విప్పరాని ముడి వేయుదురు. కానుక కాగితముపై కుడిమూల నొక చిన్న గుర్తుండును. పూర్వము అచ్చట ఒకజాతి సముద్రపు నత్త మాంసమును ఎండబెట్టి సాగదీసిన పేలికను కట్టెడివారు. నేడు దాని బొమ్మ మాత్రమే అచ్చువేయుదురు. నాలుగు వస్తువుల నీయరాదు, ఏలయన నాలుగు అను మాటయు మరణమను మాటయు వారి చెవికి ఒక్కటే. పెండ్లిలో ఇచ్చు పైకము బేసిసంఖ్యగా నుండవలెను. సరిసంఖ్యయైనచో దంపతులవలె రెండుగా విడిపోవునని భయము.

ఇన్ని నియమములలోను తలమానికమైనది తిరిగి యిచ్చుట. రోగము నయమైనను, బిడ్డ పుట్టినను, ఇంట ఒకరు మరణించినను, వచ్చిన కానుకలకు ఇంచుమించు సగము వెలగల వస్తువులను తిరిగి పంపవలెను. ఏమియు పంపనివాడు మోటువాడు. వచ్చినంతయు, లేక అంతకు మించి, తిరిగి పంపినవాడును మోటువాడే. నీ కానుక నాకక్కరలేదని త్రోసివేసినట్లగును. చావు ఇంట ఎవరెంత యిచ్చిరో వ్రాసియుంచుటకు ప్రత్యేకముగా నొక పుస్తకము పెట్టుదురు.

ఈ పుస్తకమును చూచి మన చదువరులు నవ్వబోకుందురుగాక. మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాసిన నోటుపుస్తకము ఎన్ని ఇండ్లలో ట్రంకుపెట్టె అడుగున భద్రముగా నుండుటలేదు? ఫలానివారి యింట పెండ్లియనగానే ఆ పుస్తకమును బయటకు తీసి, వారు మనకు నూటపదహారు చదివించిరి, మనమెంత చదివించవలెనని వేలు పెట్టి చూచువారిని మేమెరుగుదుము. మేమును చూచితిమి. భేదమేమనగా, జపానువారు దానికి ఋణమని పేరుపెట్టిరి. మనము అభిమానమని పిలుచుచున్నాము. పేరు విషయమున వారే సత్యవంతులని మా యభిప్రాయము.

కావున గిరి యనగానే దానిని వట్టి వేషమని కొట్టివేయువారితో మేము ఏకీభవింపము. ప్రేమయున్నచోటనే ఇత్తుమనినచో ప్రక్కింటి ముసలమ్మకు పండుగనాడు ఎవరు పిండివంట పంపుదురు? మనసు లేనినాడును చేయి చాచవలెనని నేర్పునదే మర్యాద. ఇచ్చి పుచ్చుకొనుటలో ఇరుప్రక్కలవారును సమానులైయున్నంతవరకు ఆ ఋణము చుట్టరికమువలె తిరుగుచునే యుండును; ఎవరికిని బరువు కాదు.

చాకొలేటు విషయమున ఆ సమానత్వము లేకపోయెను. గిరి చొకో విస్తరించిన 1970ల చివరను, 1980లలోను, జపాను ఆఫీసులలో స్త్రీల స్థితి యెట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తేనీరు కాచి యిచ్చుటయు, కాగితములకు నకళ్లు తీయుటయు అనేకుల పని. ఉద్యోగములలో స్త్రీపురుషులకు సమానావకాశముండవలెనను చట్టము 1985లో గాని పుట్టలేదు. 1986లో గాని అమలునకు రాలేదు. అట్టి చోట తక్కువ జీతముగల స్త్రీ తన పైకముతో, తనకంటె ఎక్కువ జీతముగల పురుషులందరికి చాకొలేట్లు కొనవలసివచ్చెను. పదిమంది యున్న గదిలో తొమ్మండుగురికిచ్చి ఒకనిని విడిచిన, అది ఆ యొకనికి అవమానము. అధికారికి చిన్న పెట్టె ఇచ్చి గుమాస్తాకు పెద్ద పెట్టె ఇచ్చిన, అది మరియొక కథ. అందరికి నిచ్చిన జేబు ఖాళీ. ఒక స్త్రీ మానుకొనవలెనని తలచినను, ప్రక్క బల్లయొద్దనున్న స్త్రీ మానుకొననిచో ఈమె యొక్కతియే గర్విష్ఠురాలనిపించుకొనును. మనసులోని మాట చెప్పుకొనుటకు స్త్రీకి దొరికిన ఒక్క దినము, ఆమె నెత్తిన పెట్టిన పన్నుగా మారిన విధమిది.

అట్లయినచో మార్చి 14వ తేదీ ఆ పన్నును తీర్చుచున్నది గదా యని యడుగవచ్చును. ఆ దినము పుట్టుకయు మిఠాయి అంగడిలోనే. 1977 ప్రాంతమున ఫుకువొక పట్టణమందలి ఇషిమురా మన్సెయిదొ అను మిఠాయి అంగడి యజమాని ఒక స్త్రీల పత్రికలో నొక ఉత్తరము చూచెను. పురుషులు చాకొలేట్లు పుచ్చుకొని ఏమియు తిరిగి యీయకుండుట అన్యాయము, కనీసము మార్ష్‌మాలో యైనను ఈయరాదా యని అందు వ్రాయబడియుండెనట. మార్ష్‌మాలో యనగా నోట వేసికొనగానే కరగు మెత్తని తెల్లని మిఠాయి. పుచ్చుకొన్న చాకొలేటును మార్ష్‌మాలోలో చుట్టి తిరిగి యిచ్చుట అను భావముతో ఆయన యొక మిఠాయి చేయించి మార్ష్‌మాలో దినమని ప్రకటించెను. అటుపిమ్మట మిఠాయి తయారుచేయువారి సంఘము దానిని చేపట్టి, 1980నుండి శ్వేతదినమను పేరుతో దేశమంతట నడిపించెను.

ఇచ్చట మా మిషను పాఠశాల చదువరులకు నచ్చునట్టి సంగతి యొకటి చెప్పి ముందుకు పోవుదుము. ఆ దేశమున మార్ష్‌మాలోను ప్రసిద్ధికి తెచ్చినవారిలో మొరినాగ తయిచిరొ ముఖ్యుడు. ఈయన అమెరికాకు పోయి మిఠాయి పని నేర్చుకొని, అచ్చటనే క్రైస్తవుడై తిరిగివచ్చి, 1899లో టోకియోలో చిన్న అంగడి పెట్టెను. అమెరికాలో మార్ష్‌మాలోను దేవదూతల యాహారమని పిలుచుట చూచినవాడు గనుక తన సరకునకు దేవదూత బొమ్మను గుర్తుగా పెట్టుకొనెను. ఆ బొమ్మ నేటికిని ఆ కంపెనీ పెట్టెలమీద నున్నది. 1918లో ఆ కంపెనీ కొకో గింజలనుండియే చాకొలేటు చేయుట ప్రారంభించెను.

శ్వేతదినమునకు మరలుదము. కొందరు పురుషులు పుచ్చుకొన్నదానికి మూడింతలు వెలగలది తిరిగి యీయవలెనను మాట ఆ దేశమున పుట్టెను. సగము తిరిగి యిచ్చుటయే మర్యాదయని తాతలనాడు నేర్చిన దేశములో మూడింతలను మాట యెచ్చటనుండి వచ్చెను? జీతము విషయమున తక్కువ ముట్టుచున్నదన్న సంగతి అందరికిని తెలియుటవలననే వచ్చినదని మా యనుమానము. ఏమైనను మూడింతల చాకొలేటు ఆ లోటును పూడ్చజాలదు. అందరును మూడింతలు ఇచ్చుటయు లేదు. చేతిరుమాలుతోను, బిస్కత్తు పొట్లముతోను సరిపెట్టువారే మెండు.

ఇట్లుండగా 2018 ఫిబ్రవరి 1వ తేదీన నిక్కెయి అను గొప్ప వర్తక పత్రికలో పుటనిండ ఒక ప్రకటన వెలువడెను. జపానుదేశము గిరి చొకోను మానుకొనవలెనని దాని సారాంశము. ఆ దినము సెలవుదినమున పడినచో లోలోపల హమ్మయ్య యనుకొను స్త్రీలు కలరనియు, ఎవరెవరికి ఈయవలెనో లెక్కలు వేయుట వారికి కష్టమనియు, అయినను మానుట వారి చేతిలో లేదనియు అందు వ్రాసిరి. ఆ ప్రకటన వేయించినది స్త్రీల సంఘము కాదు, దొరతనమువారు కాదు. గొడైవా యను చాకొలేటు కంపెనీవారు! ఖరీదైన చాకొలేట్లమ్మువారు గనుక, చవుక చాకొలేట్లు పోయి ఖరీదైనవి నిలుచుట వారికి లాభమేయని కొందరు నవ్విరి. చవుక చాకొలేట్లు చేయు యురాకు కంపెనీవారు, చూడగానే గిరి యని తెలియు చాకొలేటు మాది యని తమ సరకును చాటుకొనుచుండినవారు, ఇతరుల పద్ధతి ఇతరులది, మా పద్ధతి మాదియని హాస్యముగా జవాబిచ్చిరి. ఆ జవాబు మాకును నచ్చినది. అయినను ఆ ప్రకటనలోని యొక సంగతిని వర్తకుని మాటయని త్రోసివేయలేకున్నాము. ఇక నీయవలదను మాట, పుచ్చుకొనువారే, విశేషముగా కంపెనీల పెద్దలే, ముందుగా చెప్పవలెనని వారు కోరిరి.

ఈ విషయమునందలి మర్మమంతయు ఆ యొక్క కోరికలో నున్నదని మేము తలచుచున్నాము. క్రిందివాడు ఇచ్చుట మానినచో అది కృతఘ్నత యనిపించుకొనును. పైవాడు వలదనినచో అది దయ యగును. ఒకే పని ఒకని నోట నేరము, ఒకని నోట ధర్మము. కావున బరువు మోయువానిని, నీవే దించుకొనరాదా యని యడుగుట సులభమే గాని న్యాయము కాదు. లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు విందునకు తిరిగి పిలువజాలనివారిని పిలువుమని బోధించినది ఆతిథ్యమిచ్చు గృహస్థునకే గాని బీదలకు కాదు.

ఇంత దూరము జపానును గూర్చి వ్రాసి మా సంగతి దాచుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరములక్రిందట, మేము మరియొక చోట పనిచేయు దినములలో, సెప్టెంబరు 5వ తేదీ ఉపాధ్యాయుల దినమునకు మా తరగతివారు తలకు ఇరువది రూపాయలు పోగుచేసి మాకొక మంచి కలము కొనిరి. మేము సంతోషముగా పుచ్చుకొని జేబులో పెట్టుకొంటిమి. ఆ వారములో ఒక బాలిక మూడు దినములు బడికి రాలేదు. జ్వరమనుకొంటిమి. ఇరువది రూపాయలు లేనందున రాలేదని తరువాత ఆమె స్నేహితురాలివలన తెలిసెను. పట్టిక వ్రాసికొన్న తరగతి నాయకునిపై మొదట కోపము వచ్చెను. ఆ పట్టిక పోగగుచున్నదని మేము ముందే యెరుగుదుమని పిమ్మట జ్ఞప్తికి వచ్చెను. వలదని చెప్పగలవారము ఆ గదిలో మేమొక్కరమే, మేము చెప్పలేదు.

ఆ ప్రకటన వెలువడకపూర్వమే జపానులో గాలి మారుచుండెను. నేడు మరింత మారినది. బాలికలు స్నేహితురాండ్రకిచ్చు తొమొ చొకో యను వాడుక పెరిగెను. తమకు తామే మంచి చాకొలేటు కొనుక్కొని తిను స్త్రీలును అనేకులు. కొన్ని ఆఫీసులలో గిరి చొకో పంచరాదను కట్టుబాటు చేసిరి. ఈ తుది సంగతిని మేము తరగతిలో చెప్పగా, మొదట ప్రశ్న వేసిన విద్యార్థినియే మరల లేచి, "బాకీ యని తెలిసి యిచ్చినదియు బహుమానము కావచ్చును గాని, వద్దనువారు ముందుండవలెనన్నమాట" అనెను. మేము ఇన్ని పుటలలో చెప్పినది ఆమె ఒక వాక్యమున చెప్పినందుకు కొంచెము సిగ్గుపడితిమి.

ఈ యేడు ఆగస్టు నెలలోనే మా తరగతిలో, ఉపాధ్యాయుల దినమునకు డబ్బు పోగుచేయరాదని చెప్పితిమి. కొందరి ముఖములు చిన్నబోయెను. "పువ్వైనను వలదా, మాస్టరుగారూ?" అని తరగతి నాయకుడు అడిగెను. కొన్న పువ్వు వలదనియు, ఇంటి పెరటిలో పూసినదైనచో తేవచ్చుననియు, తేకున్నను ఎవరిని అడుగమనియు చెప్పితిమి. సెప్టెంబరు 5వ తేదీన మా బల్లమీద నందివర్ధనములును, మందారములును, ఒక గుప్పెడు బంతిపూలును ఉండెను. ఇంట పూలచెట్టు లేని బాలుడొకడు త్రోవలో విరిచిన వేపరెమ్మ తెచ్చి అందరికంటె తుదను పెట్టెను. అతడు దానిని గిరివలన తెచ్చెనో హొన్‌మెయివలన తెచ్చెనో మేమడుగలేదు.